ఒకే క్లబ్బులో ఆట ముగించిన ఫుట్‌బాల్ దిగ్గజాలు: విధేయత ఎంత, ఆఖరి ఒప్పందం ఎంత?

మీ ప్రశ్న సారాంశం ఇది: పావొలో మాల్దీని, ఫ్రాన్సెస్కో టొట్టి వంటివారు తొలి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా ఒకే క్లబ్బుకు ఆడి విరమించారు, లియోనెల్ మెస్సీ, స్టీవెన్ జెరార్డ్, ఇకెర్ కసియస్ వంటివారికి ఆ భాగ్యం దక్కలేదు. ఒకే క్లబ్బులో ఆట ముగించిన దిగ్గజాలు అసలు ఎవరెవరు, ఆ తేడా దేనివల్ల వస్తుంది, ఇకపై అటువంటివారు కనిపిస్తారా అని మీరు అడిగారు.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. ఆటగాడు ఒకే క్లబ్బులో ఆట ముగించగలిగాడా లేదా అన్నది అతని విధేయత ఒక్కటే తేల్చే విషయం కాదు. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళు దాటిన తరువాత క్లబ్బు అతనికి ఇచ్చే చివరి ఒకటి రెండు ఒప్పందాలే దానిని తేలుస్తాయి. ఇరవై రెండేళ్ళ వయసులో పెద్ద క్లబ్బు పిలిచినా వెళ్ళకుండా ఉండిపోయినవారు చాలామంది ఉన్నారు. కానీ వేగం తగ్గి, మోకాళ్ళు సహకరించని వయసులో కూడా జట్టులో పని చూపించి ఉంచుకున్న క్లబ్బులు చాలా తక్కువ. మీరు పేర్కొన్న రెండు వర్గాల మధ్య తేడా ముఖ్యంగా అక్కడే ఉంది. ఇకపై అటువంటివారు ఉంటారా అంటే, ఉంటారు. అయితే వారు ప్రపంచంలోని అతి ధనిక క్లబ్బుల నుంచి కాకుండా, సొంత ప్రాంతపు పిల్లలతోనే జట్టును నిలబెట్టుకునే క్లబ్బుల నుంచి ఎక్కువగా వస్తారని నా అభిప్రాయం.

క్రీడా పాత్రికేయంలో ఆటగాళ్ళ వివరాలను, గణాంకాలను సరిచూసే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. ఒక ప్రసిద్ధ ఆటగాడు విరమణ ప్రకటించిన ప్రతిసారీ "ఒకే క్లబ్బుకు జీవితం అంకితం చేసిన" అనే మాట వ్యాసంలోకి వస్తుంది. ఆ మాట నిజమో కాదో చూడవలసిన బాధ్యత మాపై ఉంటుంది. కాబట్టి ఏ షరతులతో లెక్కించాలో మొదట చెప్పి, తరువాత కారణాలలోకి వెళతాను.

నేను పాటించే కొలత కఠినమైనదే. వృత్తిపరమైన సీనియర్ ఆట మొత్తం ఒకే క్లబ్బులో జరగాలి. మధ్యలో లోన్ మీద, అంటే సొంత క్లబ్బు తాత్కాలికంగా పంపగా, మరో క్లబ్బుకు ఆడి ఉండకూడదు. చివరలో వేరే దేశపు లీగ్‌లో ఒకటి రెండు సీజన్లు ఆడినా పేరు జాబితాలో ఉండదు. బాల్యంలో ఏ అకాడమీలో నేర్చుకున్నాడన్నది లెక్కలోకి రాదు. అదే క్లబ్బుకు చెందిన రెండో జట్టులో ఆడడం కూడా అడ్డు కాదు, ఎందుకంటే అది అదే క్లబ్బు.

ఈ కొలతకు నిలిచేవారిలో ఎ.సి. మిలాన్ నుంచి మాల్దీని, ఫ్రాంకో బారేసి ఉన్నారు. ఇంటర్ మిలాన్ నుంచి జచింటో ఫాకెట్టి, సాండ్రో మజోలా, జ్యుసెప్పె బెర్గోమి; రోమా నుంచి టొట్టి; బార్సిలోనా నుంచి కార్లెస్ పుయోల్; బయర్న్ మ్యూనిక్ నుంచి గోల్‌కీపర్ సెప్ మాయర్ వస్తారు. బ్రిటన్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కు చెందిన రయన్ గిగ్స్, గ్యారీ నెవిల్, ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్, లివర్‌పూల్ డిఫెండర్ జేమీ క్యారగర్, టాటెన్‌హామ్‌కు చెందిన లెడ్లీ కింగ్, వుల్వ్స్‌కు చెందిన బిల్లీ రైట్, సెల్టిక్‌కు 1967లో యూరోపియన్ కప్ అందించిన కెప్టెన్ బిల్లీ మెక్‌నీల్ ఉన్నారు. డైనమో మాస్కో నుంచి లెవ్ యాషిన్, బొటఫోగో నుంచి 1958, 1962 ప్రపంచ కప్పుల విజేత నిల్టన్ శాంటోస్ కూడా ఈ వరుసలోనివారే. ఇది పూర్తి జాబితా కాదు. దిగ్గజం అనే మాటకు సందేహం లేకుండా సరిపోయే పేర్లు మాత్రమే ఇచ్చాను.

ఇక తరచుగా పొరపడే పేర్ల సంగతి. హవియెర్ జనెట్టి ఇంటర్‌కు 1995 నుంచి 2014 వరకూ 858 మ్యాచ్‌లు ఆడాడు, అతని నాలుగో నంబరు జెర్సీని క్లబ్బు మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. అయినా అతడు అర్జెంటీనాలో టల్లెరెస్, బాన్‌ఫీల్డ్ జట్లకు ఆడిన తరువాతే ఇటలీకి వచ్చాడు. గోల్‌కీపర్ అయి ఉండి వందకు పైగా గోల్స్ చేసిన రొజెరియో సెని పేరు సావో పాలోతో విడదీయరానిదే; అతడు కూడా మొదట సినోప్ అనే చిన్న క్లబ్బుకు ఆడాడు. బాబీ చార్ల్‌టన్ మాంచెస్టర్ యునైటెడ్‌కు 758 మ్యాచ్‌లు ఆడిన తరువాత ప్రెస్టన్‌కు శిక్షకుడిగా వెళ్ళి అక్కడ మళ్ళీ మైదానంలోకి దిగాడు. వీరిని ఒకే క్లబ్బు ఆటగాళ్ళు అని రాస్తే తప్పు. ఒక క్లబ్బుకు ప్రతీకలుగా నిలిచినవారు అని రాస్తే సరిగ్గా ఉంటుంది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఈ రెండు వర్గాలకూ మధ్య ఉన్న సన్నని గీత మీద నిలబడినవారు. ఇంగ్లండ్ వింగర్ (మైదానం అంచున దాడి చేసే ఆటగాడు) టామ్ ఫినీ 1946 నుంచి 1960 వరకూ ప్రెస్టన్‌కు తప్ప ఎవరికీ ఆడలేదు, 433 లీగ్ మ్యాచ్‌లలో 187 గోల్స్ చేశాడు. విరమించిన మూడేళ్ళకు, 1963లో, ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డిస్టిలరీ జట్టు బెన్ఫికాతో యూరోపియన్ కప్ మ్యాచ్ ఆడవలసి వచ్చినప్పుడు, వారి కోరిక మీద నలభై ఒక్కేళ్ళ వయసులో ఒక మ్యాచ్ ఆడాడు. ఆ మ్యాచ్ 3–3తో ముగిసింది. హాంబర్గ్ ఆరాధ్యుడు ఉవే జీలర్ కథ కూడా ఇటువంటిదే. 1961లో ఇంటర్ మిలాన్ ఇవ్వజూపిన భారీ మొత్తాన్ని కాదని హాంబర్గ్‌లోనే ఉండి 1972లో విరమించిన ఆయన, 1978లో ఐర్లండ్‌లో కార్క్ సెల్టిక్ తరఫున ఒకే ఒక లీగ్ మ్యాచ్ ఆడి రెండు గోల్స్ చేశాడు. సౌథాంప్టన్ ఆటగాడు మాట్ లె టిసియే 2002 వరకూ ఆ ఒక్క క్లబ్బుకే 540 మ్యాచ్‌లు ఆడి 209 గోల్స్ చేశాడు, ఆ తరువాత వృత్తిపరమైన లీగ్‌లకు వెలుపల ఉన్న ఈస్ట్‌లీ జట్టుకు సరదాగా ఆడాడు. 2013లో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి రెండోసారి విరమించిన పాల్ స్కోల్స్ కొన్నేళ్ళ తరువాత ఒక స్థానిక జట్టుకు ఒక మ్యాచ్ ఆడాడు.

వీరిని జాబితాలో ఉంచాలా, తీసేయాలా? వృత్తిగా, జీతం కోసం, ఒప్పందం మీద ఆడిన ఆటను మాత్రమే లెక్కించాలి అన్నది నా నిశ్చితాభిప్రాయం. ఆ లెక్కన నలుగురూ లోపలే ఉంటారు. ఒకే క్లబ్బుకు జీవితాన్నిచ్చిన ఆటగాళ్ళను సత్కరించడానికి బిల్బావోలోని అథ్లెటిక్ క్లబ్బు 2015లో ఒక పురస్కారాన్ని ప్రారంభించింది; దానిని మొట్టమొదట అందుకున్నది లె టిసియేనే. తరువాతి సంవత్సరాలలో మాల్దీని, మాయర్, పుయోల్ అందుకున్నారు. ఈ విషయంలో అంతకంటే పట్టుదల ఉన్న క్లబ్బు మరొకటి లేదు కాబట్టి, వారి తీర్పును నేను గౌరవిస్తాను.

ఇప్పుడు కారణాలకు వద్దాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత తరం వారి విషయంలో ఉండిపోవడాన్ని ప్రేమగా మాత్రమే చదవకూడదు, ఎందుకంటే వెళ్ళే దారే చాలామందికి లేదు. ఇంగ్లండ్‌లో అప్పటి నిబంధనల ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాడి నమోదు హక్కు క్లబ్బు చేతిలోనే ఉండేది. క్లబ్బు వదలకపోతే అతడు మరెక్కడా ఆడలేడు. దానికి తోడు, ఎవరికీ ఇంతకు మించి జీతం ఇవ్వకూడదన్న గరిష్ఠ పరిమితి ఒకటి ఉండేది. 1952లో ఇటలీలోని పలెర్మో క్లబ్బు ఫినీకి సంతకం చేసినందుకు 10,000 పౌండ్లు, నెలకు 130 పౌండ్ల జీతం, నివాసానికి విల్లా, కారు ఇస్తామన్నది. అప్పుడు ఇంగ్లండ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 14 పౌండ్లే పరిమితి. ప్రెస్టన్ యాజమాన్యం ఒప్పుకోలేదు, అంతటితో ఆ విషయం ముగిసిపోయింది. ఫినీ ప్లంబింగ్ వృత్తి చేసుకుంటూనే ఫుట్‌బాల్ ఆడాడు. ఆయనకు ప్రెస్టన్ మీద ఉన్న మమకారాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ ఊరివారు ఆయనను ఎంతగా ప్రేమించారో, ఆయన వారిని అంతగానూ ప్రేమించాడు. కానీ ఆయన ముందు రెండు తలుపులు తెరిచి ఉన్నాయనీ, ఒకదానిని ఆయన మూశాడనీ రాయడం సత్యం కాదు.

గరిష్ఠ జీతం 1961లో రద్దయింది, నమోదు హక్కు విధానాన్ని జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో 1963లో ఇంగ్లండ్ హైకోర్టు అన్యాయమైన నిర్బంధమని తేల్చింది. ఇటలీలో అటువంటి బంధాన్ని 1981 నాటి 91వ చట్టం తొలగించింది. బ్రెజిల్‌లో ఆ మార్పు 1998లో పెలే పేరుతోనే వచ్చిన చట్టంతో జరిగింది. సోవియట్ కాలంలో యాషిన్ విదేశీ క్లబ్బుకు వెళ్ళే అవకాశమే లేదు. గోల్‌కీపర్లలో ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే బలోన్ డోర్ పురస్కారం అందుకున్న ఏకైక వ్యక్తి అయిన ఆయన 1950 నుంచి 1970 వరకూ డైనమోకే ఆడాడు. చివరగా, 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం బోస్మన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో ఏ క్లబ్బుకైనా బదిలీ రుసుము లేకుండా వెళ్ళవచ్చునన్న ఆ తీర్పు తరువాతే, ఉండిపోవడం అన్నది పూర్తి అర్థంలో ఒక ఎంపిక అయింది. కాబట్టి నా దృష్టిలో టొట్టి, పుయోల్, గిగ్స్‌ల నిర్ణయాల బరువు వేరు. వారు ప్రతి మూడు నాలుగేళ్ళకూ ఒకసారి స్వేచ్ఛగా మళ్ళీ సంతకం చేశారు.

అయితే ఆ సంతకాన్ని ఎదురుగా కూర్చున్నవారు కూడా చేయాలి. ఇక్కడే మాల్దీని ఉదాహరణ గొప్పది. 1985 జనవరి 20న ఉదీనేజెతో జరిగిన మ్యాచ్‌లో పదహారేళ్ళ వయసులో తొలిసారి దిగిన అతడు, 2009 మేలో విరమించేనాటికి మిలాన్ తరఫున 902 మ్యాచ్‌లు ఆడాడు. యూరోపియన్ కప్ ఫైనల్స్ ఎనిమిది ఆడి అయిదు గెలిచాడు. ఈ అంకెలు అందరికీ తెలిసినవే. అంతగా గమనించనిది అతని స్థానం మారిన తీరు. కుడికాలి ఆటగాడై ఉండి ఎడమ పక్క డిఫెండర్‌గా ప్రపంచంలో మేటి అనిపించుకున్న అతడు, వయసు పెరిగి పరుగు తగ్గే వేళకు డిఫెన్స్ మధ్యకు జరిగాడు. అక్కడ కావలసింది పరుగు కాదు, ప్రత్యర్థి ఎక్కడికి రాబోతున్నాడో ముందే పసిగట్టే చూపు. ఆ చోటును అతని కోసం ఖాళీ చేసి ఉంచిన క్లబ్బు, దానికి తగినట్టు తనను మలచుకున్న ఆటగాడు, ఇద్దరూ కలిస్తేనే ఇరవై నాలుగేళ్ళ ప్రయాణం సాధ్యమైంది. 1963లో తండ్రి చెజారే కెప్టెన్‌గా అందుకున్న కప్పును 2003లో కొడుకు కెప్టెన్‌గా అందుకున్నాడు. రెండు ఫైనల్సూ ఇంగ్లండ్‌లోనే జరిగాయి. ఫుట్‌బాల్‌లో ఇంతకంటే అందమైన వారసత్వం నాకు తెలిసి లేదు.

గిగ్స్ కూడా అదే మార్గంలో నడిచాడు. 1991 మార్చిలో పదిహేడేళ్ళ వయసులో ఎడమ అంచున గాలిలా దూసుకుపోయే వింగర్‌గా మొదలై, ముప్పై దాటిన తరువాత మైదానం మధ్యలో నెమ్మదిగా బంతిని పంచే పాత్రలోకి వచ్చాడు. యోగాభ్యాసం తన ఆయుష్షును పెంచిందని అతడే చాలాసార్లు చెప్పుకున్నాడు. ముప్పై దాటినవారికి మాంచెస్టర్ యునైటెడ్ సాధారణంగా ఒక్కో ఏడాదికి మాత్రమే ఒప్పందాన్ని పొడిగించేది. అంటే అతడు ప్రతి వసంతంలోనూ తన స్థానాన్ని మళ్ళీ సంపాదించుకోవలసి వచ్చేది. 2014లో ఆగేసరికి 963 మ్యాచ్‌లు, 13 లీగ్ టైటిళ్ళు అతని పేరున ఉన్నాయి. ఏడాది ఒప్పందం ఆటగాడికి అవమానమని కొందరు అంటారు. నేను అలా అనుకోను. క్లబ్బుకు భారం కాకుండా, ఆటగాడికి దారి మూసుకుపోకుండా ఉంచే మంచి పద్ధతి అది.

రోమా సంగతి మాత్రం విడిగా, వివరంగా చెప్పాలి. ఒకే క్లబ్బు, ఇద్దరు స్థానిక కుర్రాళ్ళు, ఇద్దరూ కెప్టెన్లు, ఇద్దరూ 2006 ప్రపంచ కప్ విజేతలు, కానీ రెండు వేర్వేరు ముగింపులు. టొట్టి 1993 మార్చి 28న బ్రెషియాతో మ్యాచ్‌లో అడుగుపెట్టాడు. రియల్ మాడ్రిడ్ పిలిచినా వెళ్ళలేదు. 786 మ్యాచ్‌లలో 307 గోల్స్ చేసి, 2001లో ఒక్కసారే లీగ్ టైటిల్ గెలిచాడు. చివరి రోజులు సుఖంగా లేవు. 2016 ఫిబ్రవరిలో, తనకు దక్కుతున్న గౌరవం గురించి ఇంటర్వ్యూలో అసంతృప్తి చెప్పినందుకు కోచ్ లుచానో స్పలెట్టి అతనిని జట్టు శిబిరం నుంచి ఇంటికి పంపించాడు. అదే ఏడాది ఏప్రిల్ 20న టొరినోతో మ్యాచ్‌లో 86వ నిమిషంలో మైదానంలోకి వచ్చి, నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టి ఓడబోయే జట్టును 3–2తో గెలిపించాడు. ఆ తరువాత మరో ఏడాదికి ఒప్పందం కుదిరింది. ఆ ఒక్క ఏడాదే లేకపోతే, నలభయ్యో ఏట 2017 మే 28న జెనోవాతో ఆడిన వీడ్కోలు మ్యాచ్ ఉండేది కాదు, అతడు మరో దేశంలో మరో జెర్సీలో కనిపించి ఉండేవాడేమో.

రెండేళ్ళ తరువాత డానియెలే డి రోసికి ఆ ఏడాది దొరకలేదు. 2019 మేలో ఒప్పందాన్ని పొడిగించడం లేదని క్లబ్బు ప్రకటించింది. ఆడకుండా వేరే బాధ్యత చేపట్టమన్నది. ఇంకా ఆడగలనన్న నమ్మకంతో ఉన్న డి రోసి, రోమాకు 616 మ్యాచ్‌లు ఆడిన తరువాత, బ్యూనస్ ఐరిస్ వెళ్ళి బొకా జూనియర్స్ జెర్సీ వేసుకుని, కొన్ని నెలలకే, 2020 జనవరిలో విరమించాడు. రోమా మీద ప్రేమలో అతడు టొట్టి కంటే ఏమాత్రం తక్కువవాడు కాడు. అయినా గణాంకాల పట్టికలో ఒకరు ఒకే క్లబ్బు ఆటగాడు, మరొకరు కాదు. మా డెస్కులో కొత్తగా చేరినవారికి నేను ఈ జంట ఉదాహరణనే ఇస్తాను, ఎందుకంటే పట్టికను చూసి మనసును కొలవకూడదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

మెస్సీ విషయంలో జరిగినది దీనికి మరో రూపం. 2020 ఆగస్టులో అతడే వెళ్ళిపోతానన్నాడు, క్లబ్బు పోనివ్వలేదు. 2021 వేసవిలో ఉంటానన్నాడు, జీతాన్ని సగానికి తగ్గించుకోవడానికి కూడా ఒప్పుకున్నాడు. అయితే పాత ఒప్పందం జూన్ 30తో ముగిసిపోయింది, ఆదాయంతో పోల్చితే జీతాల భారం మితిమీరిన బార్సిలోనా, స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ అయిన లా లిగా ఆర్థిక నిబంధనల మేరకు అతనిని కొత్తగా నమోదు చేసుకోలేకపోయింది. 778 మ్యాచ్‌లు, 672 గోల్స్ చేసిన ఆటగాడు కన్నీళ్ళతో వీడ్కోలు చెప్పి పారిస్ వెళ్ళాడు. ఇక్కడ ఆటగాడి కోరిక, అభిమానుల కోరిక రెండూ ఒకటే అయినా క్లబ్బు ఖాతా పుస్తకం అడ్డుపడింది. బయర్న్ మ్యూనిక్ కూడా 2025లో థామస్ ముల్లర్‌కు కొత్త ఒప్పందం ఇవ్వకూడదని నిర్ణయించుకుంది. 756 మ్యాచ్‌లు, 13 లీగ్ టైటిళ్ళ తరువాత, తాను కోరుకున్న ముగింపు ఇది కాదని చెప్పి అతడు కెనడాలోని వాంకూవర్ జట్టుకు వెళ్ళాడు. బయర్న్ నిర్ణయం ఆటపరంగా తప్పని నేను అనలేను. కానీ ఆడే నిమిషాలు తగ్గించుకుని మరో ఏడాది ఉంచుకునే వీలు అటువంటి క్లబ్బుకు తప్పక ఉండేదని మాత్రం అంటాను.

శరీరం చేసే నిర్ణయాలు కూడా ఉన్నాయి, వీటిని మనం తరచుగా మరిచిపోతాం. పుయోల్ 2014 మార్చిలో, ఒప్పందం ఇంకా రెండేళ్ళు ఉండగానే, సీజన్ చివర బార్సిలోనాను వీడుతున్నానని ప్రకటించాడు. మోకాలు మళ్ళీ ఆడనివ్వలేదు కాబట్టే 593 మ్యాచ్‌ల అతని పట్టికలో రెండో క్లబ్బు పేరు చేరలేదు. లెడ్లీ కింగ్‌కు మోకాలిలో మృదులాస్థి అరిగిపోయి, వారమంతా జట్టుతో సాధన చేయలేక, మ్యాచ్ రోజున మాత్రం వచ్చి ఇంగ్లండ్‌లోని మేటి డిఫెండర్లలో ఒకడిలా ఆడేవాడు. అటువంటి ఏర్పాటును అతనిని చిన్నప్పటి నుంచి ఎరిగిన క్లబ్బు తప్ప మరొకటి ఒప్పుకునేది కాదు. మాయర్ 1966 నుంచి 1979 వరకూ జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగాలో వరుసగా 442 మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడాడు. 1979 జులైలో జరిగిన కారు ప్రమాదం ఆ ఆటను ముగించింది.

పెద్ద క్లబ్బులో ఉండిపోవడం ఒకటి, కింది స్థాయికి పడిపోయిన క్లబ్బులో ఉండిపోవడం మరొకటి. రెండో దానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. మిలాన్ 1980లో పందేల కుంభకోణం వల్ల, 1982లో ఆటలో వెనుకబడి, రెండుసార్లు ఇటలీ రెండో డివిజన్ అయిన సీరీ బికి దిగజారింది. బారేసి రెండుసార్లూ క్లబ్బుతోనే కిందికి వెళ్ళి, దానితోనే పైకి వచ్చాడు. మొదటిసారి నాటికి ఇటలీలో పాత నిర్బంధ విధానమే ఉంది కాబట్టి అందులో అతని ఎంపిక ఎంతని అడగవచ్చు. కానీ రెండోసారి నాటికి అతనికి ప్రపంచ కప్ విజేత జట్టు సభ్యుడన్న పేరు ఉంది, అడిగేవారూ ఉన్నారు. రియల్ సొసియెడాడ్ 2007లో రెండో డివిజన్‌కు పడిపోయి మూడేళ్ళు అక్కడే ఉన్నప్పుడు షాబి ప్రియెటో వదిలి వెళ్ళలేదు. 2018లో విరమించేదాకా ఆ క్లబ్బుకే 500కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ప్రపంచమంతా తెలిసిన పేరు కాకపోయినా, మీ ప్రశ్నకు ఇటువంటి ఆటగాడు మాల్దీని అంత ముఖ్యుడని నేను నమ్ముతాను. లె టిసియే సౌథాంప్టన్‌లో ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవలేదు. అయితే వారి పాత మైదానం ది డెల్‌లో 2001 మే 19న జరిగిన చివరి లీగ్ మ్యాచ్‌లో, ఆర్సెనల్ మీద, ఆఖరి నిమిషాలలో విజయం తెచ్చిన గోల్ అతనిదే. ఆ ఊరివారికి ఏ కప్పూ దానికి సాటి రాదు.

ఇకపై ఎందుకు అరుదవుతారన్నదానికి చాలామంది డబ్బు, ఏజెంట్లు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది నిజమే కానీ అసంపూర్ణం. దీని వెనుక ఒక లెక్కల సూత్రం ఉంది. క్లబ్బు 10 కోట్ల యూరోలతో ఒక ఆటగాడిని అయిదేళ్ళ ఒప్పందం మీద కొంటే, ఆ ఖర్చును ఏడాదికి 2 కోట్ల చొప్పున ఖాతాలో చూపుతుంది. రెండేళ్ళ తరువాత అతనిని అమ్మితే, మిగిలిన 6 కోట్లు తీసేయగా వచ్చినదే లాభం. సొంత అకాడమీలో పెరిగిన ఆటగాడికి ఖాతాలో కొనుగోలు ధర సున్నా, కాబట్టి అతనిని అమ్మితే వచ్చిన మొత్తమంతా అదే ఏడాది లాభంగా నమోదవుతుంది. నష్టాలకు పరిమితి విధించిన నిబంధనలు కఠినమయ్యేకొద్దీ, ఖాతా సరిచేసుకోవడానికి క్లబ్బు ముందుగా చూసేది ఇంట్లో పెరిగిన పిల్లవాడి వైపే. చెల్సీ అకాడమీలో పెరిగిన మేసన్ మౌంట్ 2023లో, కానర్ గాలహర్ 2024లో వెళ్ళిపోయినప్పుడు ఈ లెక్కే పెద్ద చర్చ అయింది. అభిమానులు ఎవరిని ఎక్కువ ప్రేమిస్తారో, అతనినే అమ్మడం లాభదాయకం కావడం నాకు చాలా బాధ కలిగించే విషయం. నిబంధన రాసినవారు దీనిని ఉద్దేశించి ఉండరు.

రెండో కారణం లోన్ పద్ధతి. పెద్ద క్లబ్బుల్లో పద్దెనిమిదేళ్ళ ఆటగాడికి మొదటి జట్టులో చోటు దొరకడం కష్టం, అతనిని ఒకటి రెండేళ్ళు మరెక్కడికో పంపుతారు. పంపినంత మాత్రాన చెడేమీ లేదు, చాలామంది అలాగే ఎదిగారు. కానీ నా కొలత ప్రకారం ఒకే క్లబ్బు ఆటగాడు అయ్యే అవకాశం అక్కడే ముగిసిపోతుంది.

దీనికి ఎదురుగా పనిచేసే నిబంధన కూడా ఒకటి ఉంది. యూరోపియన్ పోటీలలో 25 మంది జట్టు జాబితాలో 8 స్థానాలు స్థానికంగా తయారైన ఆటగాళ్ళకు కేటాయించాలి, వారిలో కనీసం నలుగురు 15 నుంచి 21 ఏళ్ళ మధ్య మూడేళ్ళు ఆ క్లబ్బులోనే శిక్షణ పొంది ఉండాలి. ఆ నలుగురు లేకపోతే ఆ స్థానాలు ఖాళీగా మిగిలిపోతాయి. దీనివల్ల సొంత గూటి ఆటగాడిని ముప్పై దాటిన తరువాత కూడా ఉంచుకోవడానికి క్లబ్బుకు ఒక ఆచరణాత్మక కారణం దొరుకుతుంది. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు ఆటగాళ్ళతోనే ఆడే అథ్లెటిక్ వంటి క్లబ్బుకు ఆ కారణం మరింత బలమైనది, ఎందుకంటే ఒకరు వెళ్ళిపోతే ప్రపంచమంతా వెదికి మరొకరిని తెచ్చుకునే వీలు వారికి లేదు. అక్కడికి దగ్గరలోనే ఉన్న రియల్ సొసియెడాడ్‌లో 2015 నుంచి ఆడుతూ, 2024 యూరో ఫైనల్‌లో స్పెయిన్‌కు విజయ గోల్ కొట్టిన మికెల్ ఒయార్జబాల్ వంటివారిని మీరు గమనిస్తూ ఉండండి.

మీరే ఒక జాబితా తయారు చేసుకోవాలనుకుంటే, ఆటగాడి పట్టికలో పైవరుసల కంటే కిందివరుసలను ముందు చూడండి: ముప్పై మూడో ఏట తరువాత ఎన్ని ఒప్పందాలు కుదిరాయి, అవి ఎంత కాలానికి, ఆ ఏళ్ళలో ఎన్ని మ్యాచ్‌లకు అతనిని మొదటి పదకొండు మందిలో ఆడించారు, అతని స్థానం మారిందా. ఆ తరువాత లోన్ వివరాలు, విరమణ తరువాతి మ్యాచ్‌లు సరిచూడండి. 1995కు ముందువారైతే వారి దేశంలో అప్పటి బదిలీ చట్టం ఏమిటో కూడా చూసి, పేరు పక్కన ఒక మాట రాసుకోండి.